నెట్ ఆగిన రోజు బగారన్నం

"మా ఇంటామె మీదనే ఫిర్యాదు ఇయ్యాలె మేడం," అన్నాడు జగదీశ్వర్, కుర్చీలో సరిగా కూర్చోకుండానే. "నెట్ ఆగి గల్లీ మొత్తం నా మీద లొల్లి జేస్తుంటే, ఆమె ఆ రోజే బగారన్నం, మటన్ వండి తినమంటది. నా పరేశాని ఆమెకు పండుగ!"

మలక్‌పేటలోని తన ఆఫీసులో ప్రైవేటు డిటెక్టివ్ లీలమ్మ నవ్వలేదు. అసిస్టెంట్ అంజన్ నవ్వి, ఆమె ముఖం చూసి మానేశాడు.

జగదీశ్వర్ చార్మినార్ వెనక గల్లీలకు ఇంటర్నెట్ ఇస్తాడు. వైర్లన్నీ కలిసే నెట్‌వర్క్ స్విచ్ అతని ఇంటి కింది గదిలో ఉంది. దాని సెట్టింగులు మాటిమాటికీ తారుమారవుతున్నాయి.

"మా టెక్నీషియన్ లావణ్యదే ఈ పని. సాక్ష్యం దొరికితే రేపటి సంది పనికి రావద్దని చెప్త."

అంతలో అతని ఫోన్ మోగింది. నెట్ మళ్లీ ఆగింది.

ముగ్గురూ అతని ఇంటి కింది గదికి వెళ్లేసరికి లావణ్య ఎర్రబడ్డ కళ్లతో స్విచ్ ముందు కూర్చుని ఉంది.

"సెట్టింగుల ఫైల్ కాపీ తీసి దాచనీకి, మళ్ల ఎక్కియ్యనీకి దీంట్ల ఫైల్ ట్రాన్స్‌ఫర్ సర్వీస్ పెట్టిన మేడం. ఎవరో అందులకెల్లే పాత ఫైల్ ఎక్కించి, స్విచ్ రీస్టార్ట్ చేస్తున్నరు."

"బయటోళ్లా?"

"కాదు. ఈ ఇంటి నెట్‌కెల్లి మాత్రమే తెరుచుకునేటట్టు పెట్టిన. అందుకే అన్న నన్నంటుండు."

"పాస్‌వర్డ్?"

జగదీశ్వర్ గొంతు సవరించుకున్నాడు. "ఇంటి వైఫైదే పెట్టించిన. రెండు రెండు ఎవలకు యాదుంటయ్?"

లీలమ్మ మంచినీళ్ల వంకతో మేడెక్కింది. ఎవరూ చూడని టీవీ తనలో తాను మాట్లాడుకుంటోంది. వంటింట్లో అతని భార్య భాగ్యశ్రీ పెద్ద గిన్నె మూత తీసింది. పక్కన, అడుగు మాడి నల్లబడ్డ గుప్పెడంత గిన్నె.

"రోజూ దీంట్లనే వండుతవా?"

"నా ఒక్కదానికి ఎంతయితది? ఆయన ఏ హోటల్ల తింటడో ఏమో."

లీలమ్మ ఒక ముక్క రుచి చూసింది. "మటన్ మస్తు మెత్తగుంది."

"రాత్రే పెరుగుల నానవెట్టిన," అంది భాగ్యశ్రీ మురిసిపోతూ.

"మీ ఆయన కొత్త స్విచ్ కొంటడేమో."

"ఎందుకు? స్విచ్ బాగనే ఉంది."

లీలమ్మ అందర్నీ భోజనాల బల్ల దగ్గరికి పిలిచింది.

"నెట్ ఆగింది ఇయ్యాల. మటన్ నానింది నిన్న రాత్రి. రోజూ గుప్పెడు గిన్నెల వండుకునే మనిషికి, భర్త ఇంటికొస్తడని ముందే ఎట్ల తెలిసింది? చెడింది స్విచ్ కాదని, కిందికి దిగకుండనే ఎట్ల చెప్పింది?"

అంజన్ నోరు తెరిచాడు. "కూర గిన్నెతోనే కేసు పట్టిన్రా మేడం!"

భాగ్యశ్రీ గరిటె కింద పెట్టింది. "పెళ్లికి ముందు కంప్యూటర్ సెంటర్ల పిల్లలకు గీ స్విచ్‌ల పనే నేర్పిన మేడం. అది ఈయనకు యాదిలేదు. నెట్ ఆగితెనే ఇంటికొస్తడు. లావణ్య బాగుజేసేదాంక నా ఎదురుంగ కూసుంటడు. గంతే. ఆ పిల్ల మీదికొస్తదనుకోలె."

జగదీశ్వర్ ఫోన్ మోగింది. అతను దాన్ని బోర్లించి పెట్టాడు.

"లావణ్యా, కూసో, తిను. నిన్ననుమానించిన. గల్తి నాది."

భాగ్యశ్రీ అతనికి వడ్డించలేదు. పళ్లెం పట్టుకుని నిలబడే ఉంది. "ఇంక?"

అతను వంటింట్లోని ఆ నల్ల గిన్నె వైపు చూశాడు.

"నీ కాడ గూడ... నాదే గల్తి."