మేకుకు రెండో రొట్టె

ఆ ఉదయం సాబిర్‌జాన్ ఇంట్లో అన్నీ ఎప్పటిలాగే జరిగాయి. అలా జరుగుతున్నట్టు కనిపించడానికి ఇంటిల్లిపాదీ మూడు రోజులుగా శ్రమపడ్డారు. వాకిట్లో ద్రాక్షపందిరి కింద పెద్ద బల్లమంచం మీద ఉతికిన గుడ్డ పరిచి ఉంది. పళ్ళెంలో ఖుబానీ పండ్లు, గిన్నెలో మీగడ, తందూరులోంచి అప్పుడే తీసిన రొట్టెలు. పక్కవీధి మగ్గాల చప్పుడు గోడ దాటి వస్తూనే ఉంది. పట్టు నేసే ఊరు మర్గిలాన్‌లో జూన్ నెలాఖరు ఉదయం ఇంతకంటే వేరుగా ఉండదు.

నఫోసత్ ముందు రోజు సాయంత్రమే జపాన్ నుంచి వచ్చింది. పదహారేళ్ళ పిల్ల. ఆమె చదివే బడికీ, అక్కడ సముద్రపు ఒడ్డున ఉన్న ఒక చిన్న ఊరి బడికీ మధ్య ఒప్పందం ఉంది. ఏటా ఇక్కడి నుంచి ఒకరు వెళ్ళి అయిదు నెలలు అక్కడి వాళ్ళ ఇంట్లో ఉండి చదువుకుంటారు. అక్కడి నుంచి ఒకరు ఇక్కడికి వస్తారు. ఆ ఒప్పందం కుదిర్చింది బడి ఉపప్రధానోపాధ్యాయుడైన సాబిర్‌జానే. సొంత కూతురే ఎంపిక కావడం ఆయనకు గర్వకారణమైంది. ఆ గర్వం బరువును ఇంట్లో తలా ఇంత మోశారు.

"నిద్ర పట్టిందా?" అంటూ తల్లి రాబియా టీ పోసింది.

"పట్టింది. నానమ్మ ఎప్పుడొస్తుంది?"

జవాబు తల్లి దగ్గర నుంచి రాలేదు. ఏడేళ్ళ చెల్లెలు మునిస గుక్క తిప్పుకోకుండా చెప్పింది. "నానమ్మ మోకాళ్ళ నొప్పులకి వేడినీళ్ళ వైద్యానికి వెళ్ళింది. అక్కడ ఫోను సరిగ్గా పని చెయ్యదు. వచ్చే వారం వస్తుంది."

"నిన్న కూడా అచ్చం ఇవే మాటలు చెప్పావు."

"నాకింకేం చెప్పాలో తెలీదు," అంది మునిస నిజాయితీగా.

"మాట్లాడకుండా పాలు తాగు," అన్నాడు సాబిర్‌జాన్.

నఫోసత్ గిన్నె చేతుల్లో పట్టుకుని చుట్టూ చూసింది. బల్లమంచం మీద తొలి ఎండ పడే మూల నానమ్మది. అక్కడ ఆమె దిండు ఉంది. దాని చుట్టూ జానెడు మేర ఎవరూ కూర్చోలేదు. తల్లి ఒంటి మీద రంగురంగుల పట్టు బట్టలున్నాయి. పెట్టెలో చాలాకాలం ఉన్న మడతలు వాటి మీద గీతల్లా నిలిచి ఉన్నాయి. నిన్న వీధి మొదట్లో కారు దిగినప్పుడు పొరుగింటి ఆడవాళ్ళు తనను ముద్దులాడి, వెంటనే చూపు తిప్పుకున్న సంగతి ఇప్పుడు గుర్తుకొచ్చింది.

"చల్లారనివ్వకు, గొర్రెపిల్లా," అంది రాబియా.

అన్న మరుక్షణం ఆమె చేయి ఆగిపోయింది. ఆ పిలుపు నానమ్మది. పదహారేళ్ళలో రాబియా కూతుర్ని ఒక్కసారి కూడా అలా పిలిచి ఎరగదు.

సాబిర్‌జాన్ లేచి కెమెరా తెచ్చాడు. "పది గంటలకి మీ మేనత్త వస్తుంది. ఆలోపు నీ రొట్టె దింపుకుని రా. వెళ్ళేటప్పుడు కొరికిన ఫోటో బడి వరండాలో పెట్టాం కదా, తిరిగొచ్చి తింటున్నది దాని పక్కన పెట్టాలి."

ఇల్లు విడిచి దూరం వెళ్ళేవారు గడప దాటే ముందు రొట్టెను ఒక్క కాటు కొరుకుతారు. ఆ రొట్టె మేకుకు వేలాడుతుంది. కొరికినవారు తిరిగి వచ్చి మిగతాది తినేదాకా దాన్ని ఎవరూ ముట్టరు. జనవరిలో నఫోసత్ చేత కొరికించి, సంచిలో చుట్టి, పిండి గది గుమ్మం పైన తగిలించింది నానమ్మే.

"నేను దింపుతాను," రాబియా చప్పున లేచింది. "ఆ స్టూలు కదులుతుంది."

"కొరికినవాళ్ళే దింపుకోవాలని నానమ్మ చెప్పిందిగా. నువ్వు కూర్చో అమ్మా."

పిండి గదిలో చీకటిగా, చల్లగా ఉంది. నఫోసత్ స్టూలెక్కి చేయి చాపింది. తన సంచి బరువు తెలుస్తూనే ఉంది, కానీ దాని వెనక ఇంకేదో వేళ్ళకు తగిలింది. అదే మేకుకు, అదే ముడితో, నీలం పూల తలగుడ్డలో చుట్టిన మరో మూట. ఆ తలగుడ్డ ఎవరిదో ఆమెకు తెలుసు. విప్పింది. రొట్టె రాయిలా ఎండిపోయి ఉంది. అంచున చిన్న కాటు. ఒకే ఒక్క పై పంటి లోతైన గాటు, దాని పక్కన పన్ను లేని చోట నలిగిన గుర్తు. నానమ్మకు పైన మిగిలింది ఒక్క బంగారు పన్నే. చిన్నప్పుడు నానమ్మ కొరికిచ్చిన ఆపిల్ ముక్కల మీద ఆ గాటును వేలితో తడిమి ఆడుకున్న పిల్ల, ఇప్పుడు దాన్ని చూసి గుర్తుపట్టకుండా ఎలా ఉంటుంది?

రెండు రొట్టెలూ చేతుల్లో పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. సాబిర్‌జాన్ కెమెరా ఎత్తి, మళ్ళీ దించేశాడు.

"ఆ రెండోది ఎవరిది?" అని ఆయనే అడిగాడు. ఆయనకు నిజంగానే తెలియదు.

"అదే నేనూ అడుగుతున్నాను. మోకాళ్ళ నొప్పులకి వెళ్ళేవాళ్ళెవరూ రొట్టె కొరికి వెళ్ళరు నాన్నా. పైగా ఇది పోయిన వారం కొరికింది కాదు. నాది ఎంత ఎండిందో ఇదీ అంతే ఎండింది."

నఫోసత్ రొట్టెల్ని బల్లమంచం మీద పెట్టి, జేబులోంచి ఫోను తీసి, నానమ్మ నంబరుకు నాలుగు మాటలు రాసి పంపింది. మరుక్షణం రాబియా పట్టు బట్టల జేబులో సన్నగా గంట మోగింది.

మునిస తల్లి జేబు వైపు చూసి, తర్వాత తండ్రి వైపు చూసింది. "నేనేం చెప్పలేదు," అంది.

"ఎప్పుడు?" అని అడిగింది నఫోసత్.

"మార్చి పదకొండు," అంది రాబియా. "మంగళవారం. పొద్దున్న ఆసుపత్రికి తీసుకెళ్ళాం. మీ నాన్న బయట కారు తిప్పుతున్నారు. మీ నానమ్మ గడప దగ్గర ఆగి, రొట్టె తెమ్మంది. 'నేనూ ప్రయాణం వెళ్తున్నాను కదే, పిల్లది వచ్చేసరికి వచ్చెయ్యాలి' అంది. కొరికింది. మింగలేకపోయింది. సాయంత్రానికే..." ఆమె రెండో రొట్టె వైపు చూసింది. "ఇంట్లో ఆవిడ వస్తువులన్నీ దాచగలిగాను. దాన్ని మాత్రం దింపలేకపోయాను. ఎవరు దింపాలి? దింపాల్సిన మనిషి లేదు."

సాబిర్‌జాన్ గొంతు సవరించుకున్నాడు. బడిలో పిల్లల తల్లిదండ్రులకు నచ్చజెప్పేటప్పుడు వాడే గొంతే అది. "చెబితే నువ్వేం చేసేదానివి? విమానాలు మారి రెండు రోజులకి చేరేదానివి. మర్నాడు మధ్యాహ్నానికే మట్టి చేశాం. చూడటానికి కూడా ఏమీ ఉండేది కాదు. చదువు పాడై, మనసు పాడై..."

"నన్ను రప్పించలేదేమని అడగడం లేదు నాన్నా. చెప్పలేదేమని అడుగుతున్నాను."

"పెద్దవాళ్ళు పక్కన కూర్చుని చెప్పాల్సిన మాట అది. ఫోనులో చెప్పేది కాదు. అందుకే ఇవాళ మీ మేనత్తని రమ్మన్నాను."

"చావు కబురు ఫోనులో చెప్పకూడదు. చచ్చిపోయిన మనిషి పేరుతో మూడున్నర నెలలు ఫోనులో ఉత్తరాలు రాయొచ్చు. అంతేనా?"

తప్పు చేసినవాడికి కారణాలు ఎన్నైనా దొరుకుతాయి. ఎదుటివారు వరుసగా అడిగితే మాత్రం అవి ఒకదాని తర్వాత ఒకటి చేతుల్లోంచి జారిపోతాయి.

నఫోసత్ ఫోనులో వెనక్కి వెళ్ళింది. నానమ్మకు చూపు తక్కువ కాబట్టి ఎప్పుడూ గొంతే పంపేది. మార్చి పదమూడు నుంచి అన్నీ రాతలే. 'గొంతు పట్టేసింది, మునిస చేత రాయిస్తున్నాను' అన్నది మొదటిది. అక్కడి నుంచి లెక్కపెట్టింది. నలభై ఒకటి.

"జపాన్‌లో నేనున్న ఇంట్లో," అని ఆమె తగ్గిన గొంతుతో మొదలుపెట్టింది, "ఆ ఇల్లాలి అత్తగారు పోయి ఆరేళ్ళయింది. గోడలో చిన్న చెక్క గూడు, అందులో ఆవిడ ఫోటో. రోజూ వండిన అన్నంలో మొదటి ముద్ద ఆవిడ ముందు పెట్టి, గంట కొట్టి, ఇంట్లో జరిగినవన్నీ చెబుతుంది. కప్పు కారుతోందని చెబుతుంది. నాకు జలుబు చేసిందని కూడా చెప్పింది. ఎందుకని అడిగితే, 'మనం చెప్పకపోతే ఆవిడకెలా తెలుస్తుంది' అంది. అది నేను నానమ్మకి రాశాను. మార్చి ఇరవై. ఏం జవాబొచ్చిందో గుర్తుందా అమ్మా?"

రాబియా తల వంచుకుంది.

"'ఆ పెద్దావిడకి నా సలాం చెప్పు' అని వచ్చింది. నేను చెప్పాను. మోకాళ్ళ మీద కూర్చుని, గంట కొట్టి, మా నానమ్మ సలాం చెప్పమందండీ అని చెప్పాను. పోయిన మనిషి ముందు కూర్చుని పోయిన మనిషి సలాం చెప్పాను. వాళ్ళ ఇంట్లో పోయినవాళ్ళకి అన్నీ చెబుతారు. మన ఇంట్లో బతికున్నవాళ్ళకి కూడా చెప్పరు."

రాబియా జేబులోంచి నానమ్మ ఫోను తీసి, రొట్టెల పక్కన పెట్టింది.

"మొదటి రెండూ మీ నాన్న రాయమంటే రాశాను," అంది. "ఆ తర్వాతవి ఎవరూ రాయమనలేదు. పండగ దాకా చాలు, ఇక నెమ్మదిగా మానెయ్యమన్నారు మీ నాన్న. నేను మానలేదు. నువ్వు ఆవిడకి రాసేవి నాకెప్పుడైనా రాశావా? 'బాగున్నాను, తిన్నాను, చలిగా ఉంది.' నాకు వచ్చేవి ఇవి. ఆవిడకేమో, రాత్రి పక్కలో ఏడ్చానని, ఈతకొలనులో అందరూ నవ్వారని, ఇంటికి వచ్చేస్తానని... నా కూతురు ఏడుస్తోందని నాకు తెలియాలంటే నేను మా అత్తగారిని కావాల్సి వచ్చింది."

"రాబియా," అన్నాడు సాబిర్‌జాన్.

"మీరు ఊరుకోండి. రాయాలంటే ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకునేదాన్ని. నాకు చూపు బాగానే ఉంది, అయినా పెట్టుకునేదాన్ని. ఆవిడ మూలలో కూర్చుంటేనే మాట వచ్చేది. ఇప్పుడు అడగకుండానే ఆవిడ మాటలు నా నోట్లోంచి వస్తున్నాయి. పొద్దున్న విన్నావుగా. ఆ మూల వైపు చూడాలంటే నాకు భయమేస్తోందే."

నఫోసత్ ఏప్రిల్ నాటి ఒక రాత దగ్గర ఆగిపోయింది. ఆ వారం ఆమె బట్టలు సర్దుకుని, ఒప్పందం మధ్యలో వదిలేసి వచ్చేస్తానని రాసింది. జవాబు ఇలా ఉంది: 'ముందు మొహం కడుక్కో. వేడిగా ఏమైనా తిను. ఖాళీ కడుపుతో ఏడిస్తే ఏడుపు తెమలదు. తిన్నాక కూడా రావాలనిపిస్తే రా, తలుపు తీసే ఉంటుంది.' ఆ రాత చదివే ఆమె లేచి తిన్నది, ఉండిపోయింది. ఎంత కష్టమైన రోజైనా ఆ మాటల్ని మళ్ళీ తీసి చదువుకునేది.

"ఇది నువ్వేనా?"

రాబియా చూసి, అవునన్నట్టు తలాడించింది. "అది నేనే. ఆవిడైతే 'వచ్చెయ్' అనేది."

అది నిజం. నానమ్మ తప్పకుండా 'వచ్చెయ్' అనేది. నఫోసత్‌కు అప్పుడు ఏడుపు వచ్చింది. అబద్ధం అబద్ధమే, దాన్ని కూతురు ఆ క్షణంలో కూడా మరోలా పిలవలేదు. కానీ ఆ అయిదు నెలల్లో తనను పట్టుకుని నిలబెట్టిన చేతుల్లో సగం ఎవరివో ఆమెకు ఇప్పుడే తెలిసింది.

తలుపు తోసుకుని మేనత్త సాలిహా వచ్చింది. సంతాపపు తెల్లటి తలగుడ్డ, చేతిలో జపమాల. బల్లమంచం మీద రెండు రొట్టెల్నీ, ఏడుస్తున్న ఇద్దరినీ చూసి, చెప్పాల్సిన పని తనకు తప్పిందని గ్రహించింది. తమ్ముడి వైపు తిరిగింది.

"పుట్టడానికే పది రోజులు ఆలస్యం చేశావని అమ్మ నిన్ను ఎప్పుడూ అనేది. నీకేదైనా ఆలస్యమే. ఎన్నిసార్లు చెప్పాను, పిల్లకి చెప్పరా అని? వరండాలో ఫోటో కోసం అమ్మని దాచేస్తావా?"

"నేను..." సాబిర్‌జాన్ బల్లమంచం అంచున కూర్చున్నాడు. బడి గొంతు పోయింది. "వీధి గుమ్మంలో నిలబడి ఊరందరి ముందూ ఏడ్చాను అక్కా. దీని ఒక్కదాని ముందు ఏడవడానికే ధైర్యం చాలలేదు."

సాలిహా నఫోసత్ తల మీద చేయి వేసి ప్రార్థన చదివింది. చదివినంతసేపూ అందరూ అరచేతులు చాచి కూర్చున్నారు, మునిస కూడా. తర్వాత ఆమె నానమ్మ రొట్టెను చేతిలోకి తీసుకుని, "ఇది పిట్టలకి వెయ్యాలి," అంది. "తిరిగి రానివాళ్ళ రొట్టె పిట్టలదే."

"కొంత," అంది నఫోసత్. ముందు తన రొట్టెను విరిచింది. రాతి ముక్కలా విరిగింది. తర్వాత నానమ్మ రొట్టెను కాటు లేని వైపు నుంచి విరిచి, రెండింటినీ టీ గిన్నెలో కలిపి నానబెట్టింది. మొదటి ముద్ద తల్లి నోటికి అందించింది. రాబియా తిని, లోపలికి వెళ్ళి, పట్టు బట్టలు మార్చి తెల్లటి తలగుడ్డ కట్టుకుని వచ్చింది. వచ్చి నేరుగా ఎండ పడే ఆ మూలకు వెళ్ళి, దిండు పక్కన కూర్చుంది.

"నేనిందాక పంపింది చదవలేదు నువ్వు," అంది నఫోసత్.

రాబియా నానమ్మ ఫోను తీసి చూసింది. 'నానమ్మా, ఎక్కడున్నావు? నేనొచ్చాను.'

"జవాబు రాయి."

"ఎవరిలా?"

"నీలాగే."

రాబియా కళ్ళద్దాలు పెట్టుకోలేదు. చాలాసేపు పట్టింది. నఫోసత్ చేతిలోని ఫోను మోగి, నానమ్మ పేరు కింద ఒకే వాక్యం వెలిగింది. 'నానమ్మ లేదమ్మా, అమ్మను నేను.'

సాబిర్‌జాన్ కెమెరాను సంచిలో పెట్టబోయాడు.

"ఫోటో తియ్యండి నాన్నా," అంది నఫోసత్. తన రొట్టెలో మిగిలిన ముక్కను ఒక చేతిలో, పంటి గాటున్న అంచును ఇంకో చేతిలో పట్టుకుని తల్లి పక్కన కూర్చుంది. "రెండూ కనపడాలి. వరండాలో ఇదే పెట్టండి."

"ఆ రెండోది ఎవరిదని పిల్లలు అడుగుతారు."

"అడుగుతారు. మీరే చెప్పాలి."

సాబిర్‌జాన్ కెమెరా ఎత్తి కంటికి ఆనించుకున్నాడు. గోడ మీద పిచ్చుకలు అప్పటికే చేరాయి. నీళ్ళు నిండి ఏమీ కనిపించని కంటితో అందులోంచి చూస్తూ ఆయన చాలాసేపు అలాగే నిలబడిపోయాడు.