మరమ్మతయ్యే గాయం

రాజమహేంద్రవరం మెట్రో స్టేషన్‌లో ఉదయం తొమ్మిదికి 'దంతశిల్పి' యంత్రం ఉన్న గది ముందు పదకొండు మంది వరసలో ఉన్నారు. టీ తాగినంత సులువుగా జనం విరిగిన పన్ను అతికించుకుని రైలెక్కే కాలం అది. దంతమైనం పూసి నీలికాంతి వేస్తే మూడు నిమిషాల్లో పన్ను పాత రూపానికి వచ్చేస్తుంది. ఆ రూపం యంత్రానికి గుర్తుంటుంది.

పదకొండేళ్లుగా ఆ యంత్రాన్ని నడుపుతున్న మాణిక్యం తర్వాతి పేరు పిలిచింది. హైమ లోపలికొచ్చింది. ఆమె మోచెయ్యి పట్టుకుని భర్త ఫణీంద్ర.

"బాత్రూంలో కాలు జారిందండీ. తొందరగా కానివ్వండి, ఆఫీసుంది," అన్నాడు నవ్వుతూ.

"నీలికాంతి వేసేటప్పుడు మీరుండకూడదు. బయట నిలబడండి."

తలుపు మూశాక హైమ నోరు తెరిచింది. ముందు పన్ను సగానికి విరిగి, చిగురు దగ్గర నెత్తురు గడ్డకట్టింది. యంత్రం తెర మీద పూలు రాలాయి: "స్వాగతం! ఈ ఏడాది ఇది మీ నాలుగో సేవ. మీరిక మా విశిష్ట అతిథి!"

మాణిక్యానికి ఒళ్లు మండిపోయింది. తెర ఆపేసింది.

"పోయినసారి పోలీసులకి చెప్పమన్నాను కదమ్మా. వెళ్లలేదా?"

"వెళ్లాను ఆంటీ. నోరు తెరవమన్నారు. పళ్లు ముత్యాల్లా ఉన్నాయి, ఇంక కేసేంటన్నారు."

మరమ్మతయ్యే గాయం గాయం కాదని చట్టం మారి ఆరేళ్లయింది. అది తన యంత్రానికి దక్కిన గౌరవమని అప్పట్లో మాణిక్యం మురిసిపోయింది కూడా.

"ఇవాళ అతకను. ఇలాగే వెళ్లు. చూడనీ వాళ్లని!"

హైమకి కోపం వచ్చింది. "మీరెన్నయినా చెబుతారు! మీరు కాకపోతే పక్క స్టేషన్లో అతికిస్తారు. ఇంటికెళ్లాక పడేది నేను. పెళ్లయిన కొత్తలో మొహం మీద కొట్టేవాడు కాదు, తెలుసా? నలుగురూ చూస్తారని భయం. ఈ మెషీన్లొచ్చాకే పళ్ల మీద కొడుతున్నాడు. మీరు బాగుచేస్తారుగా!"

మాణిక్యం చేతిలో మైనం గొట్టం అలాగే ఉండిపోయింది. మూడుసార్లు, గీతయినా కనపడకుండా ఎంత నేర్పుగా అతికించింది! ప్రతిసారీ వాడి తర్వాతి దెబ్బకి చోటు సిద్ధం చేసిపెట్టింది.

గొట్టాన్ని చెత్తబుట్టలోకి విసిరికొట్టింది. "నేనూ వస్తాను. వాళ్లు కేసు రాసేదాకా నీ పక్కనుంచి కదలను. వెళ్దామా?"

హైమ విరిగిన పన్నుని నాలుకతో తడుముకుంది. తర్వాత కుర్చీలోంచి లేచి, తలుపు తనే తెరిచింది.

"అయిపోయిందా?" అన్నాడు ఫణీంద్ర.

"కాలేదు," అంది మాణిక్యం, వరస మొత్తానికీ వినపడేలా. "నాలుగుసార్లు నీ పెళ్లాం పన్ను విరగ్గొట్టావు. మూడుసార్లు నేను దాచాను. ఇంక దాచను. పోలీసుల దగ్గరికి వెళ్తున్నాం."

అతని మొహం మాడిపోయింది. జనం నేల చూపులు చూశారు. ఒకతనైతే, "మా వంతు ఎప్పుడండీ?" అని కూడా అడిగాడు. అప్పుడు వరస చివరనున్న పెద్దావిడ నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు తీసింది. కింది పళ్లు రెండు విరిగి ఉన్నాయి.

"నాది మా అబ్బాయి పనమ్మా. నేనూ వస్తాను."

మాణిక్యం గదికి తాళం వేసి, ఫణీంద్రని అక్కడే వదిలి వాళ్లిద్దరితో బయల్దేరింది. పోలీస్ స్టేషన్‌లో రైటర్ విసుక్కున్నాడు. "ఇది గాయం కిందకి రాదండీ. అతికించుకుంటే పోతుందిగా!"

"అతికించుకోం," అంది హైమ. "ఏ సెక్షనో మీరే వెతుక్కోండి."

ముగ్గురూ బెంచీ మీద కూర్చున్నారు. దంతశిల్పి ఎందుకు మూశారని మెట్రో స్టేషన్‌లో ఆరా తీసిన ఆడవాళ్లు మధ్యాహ్నం నుంచి విరిగిన పళ్లతోనే ఒక్కొక్కరే రాసాగారు. సాయంత్రానికి ఆ బెంచీ చాలలేదు.