తెర మీద పిన్ని

పొద్దున్నే కొట్టు షట్టరు ఎత్తగానే పిన్ని చేసే మొదటి పని కాలర్లు చూడడం. ముందురోజు జనం వదిలిపోయిన బట్టల మూటలు విప్పి, ఏ కాలరుకి జిడ్డు పట్టింది, ఏ చంకలో చెమట పచ్చగా తిరిగింది, ఏ ప్యాంటు మీద ఏం ఒలికింది అని ఒక్కొక్కటే వెలుతురులో పట్టి చూస్తుంది. ఈ పరాయి దేశంలో లాండ్రీ కొట్టు పెట్టి ఇరవై ఏళ్ళు కావస్తోంది. మొదట్లో ఆ వాసనకి కడుపులో తిప్పేది. ఇప్పుడు ఒక చేత్తో మరక రుద్దుతూ రెండో చేత్తో టీ తాగగలదు.

"ఏమేవ్! ఆ నీలం కోటు ఎక్కడ చచ్చిందే?" లోపల్నుంచి బాబాయి కేక.

"మీ నెత్తి మీదే వేలాడుతోంది. తల ఎత్తి చూసుకోండి!" పిన్ని అంతకంటే గట్టిగా కేకేసింది.

యంత్రాల రొదలో అరుచుకుని అరుచుకుని ఇద్దరికీ గొంతులు అలాగే స్థిరపడిపోయాయి. పని అయిపోయి మేడ మీద ఇంట్లో భోజనానికి కూర్చున్నా ఆ స్థాయి దిగదు. పక్క వాటా వాళ్ళు కొత్తల్లో పోట్లాటనుకుని తలుపు కొట్టారు కూడా.

అమ్మడు మెట్లు దిగి వచ్చింది. పిన్నికి అక్క కూతురు. స్వదేశంలో డిగ్రీ చదివి, సినిమాలు తీయడం నేర్చుకుంటానని పట్టుబట్టి ఇక్కడి యూనివర్సిటీలో చేరింది. "సినిమాకి చదువేమిటే, టిక్కెట్టు కొనుక్కుని చూస్తే రాదూ?" అని ఎగతాళి చేసిన బాబాయే, హ్యాంగర్లు పోసుకున్న చివరి గది ఖాళీ చేసి, స్వయంగా సున్నం వేసి ఆ పిల్లకిచ్చాడు. ఆఖరి పరీక్షగా ఒక డాక్యుమెంటరీ తీయాలట. "మీ ఇద్దరినే తీస్తాను పిన్నీ. మీ కొట్టు, మీ పని" అంటూ నెలల తరబడి కెమెరా పట్టుకుని వెంట తిరిగింది. పోనుపోను వాళ్ళకది ఇంట్లో పిల్లిలా అలవాటైపోయింది. కాళ్ళకడ్డం పడుతున్నా పట్టించుకోవడం మానేశారు.

ఆ మధ్యాహ్నమే కాలేజీలో ప్రదర్శన.

"బాబాయ్, మీరు రాకపోయినా ఫర్వాలేదు. కొట్టు మూసెయ్యాలిగా" అంది అమ్మడు, గోడకేసి చూస్తూ.

"చాల్లే! హీరోని నేనైతే, నన్నే రావద్దంటావా?" అన్నాడు బాబాయి. తన కోటు తనే ఇస్త్రీ చేసుకున్నాడు ఆ రోజు.

"ఎడిటింగులో కాస్త మారింది పిన్నీ. చూశాక ఏమీ అనుకోకు."

"నా మొహం బాగుండదనా? అది నాకు తెలిసిందేగా" అని నవ్వేసింది పిన్ని.

హాలు నిండిపోయింది. మాటలు తెలుగులోనే ఉన్నా, తెర అడుగున ఈ దేశపు భాషలో అక్షరాలు వేశారు. కౌంటరులో ఇన్నేళ్ళు నిలబడ్డ పిన్నికి అవి చదవడం కష్టం కాదు. మొదట ఆవిరి లేచింది. ఆవిరిలోంచి తన చేతులు, మడత పెట్టిన చొక్కా. పిన్నికి ఒళ్ళు పులకరించింది. పక్కనున్న బాబాయిని మోచేత్తో పొడిచింది.

తర్వాత బాబాయి కేక వినిపించింది. "ఎక్కడ చచ్చిందే?" వెంటనే తెర నిండా పిన్ని మొహం. కళ్ళనిండా నీళ్ళు, ముక్కు ఎర్రగా. పిన్నికి గుర్తొచ్చింది. అది వంటింట్లో. ఉల్లిపాయలు కోస్తున్న రోజు. తెర మీద ఉల్లిపాయలూ లేవు, కత్తీ లేదు. మొహం ఒక్కటే ఉంది.

"టీ ఇవ్వకపోయావో, చంపేస్తానే నిన్ను!" అన్నాడు తెర మీద బాబాయి. ఆ మాటకి ఆ రోజు ముగ్గురూ పడీ పడీ నవ్వారు. నవ్వు కత్తిరించేశారు. అడుగున తెల్లగా పడ్డాయి అక్షరాలు: నిన్ను చంపేస్తాను. హాల్లో ఎవరో గట్టిగా ఊపిరి పీల్చారు.

"ఈయనతో వేగలేక చస్తున్నాననుకో" అని తను ముద్దుగా విసుక్కున్న మాట కూడా వచ్చింది. అడుగున: ఈ మనిషి దగ్గర నేను చచ్చిపోతున్నాను.

ఆఖర్న బాబాయి చెయ్యి పైకెత్తాడు. పై కొక్కేనికున్న కోటు అందుకోవడానికి. కోటు కనిపించలేదు. ఎత్తిన చెయ్యి తర్వాత పిన్ని మోచేతి మీది కాలిన మచ్చలు చాలాసేపు నిలబడ్డాయి తెర మీద. ఆవిరి ఇస్త్రీ యంత్రం మూత తగిలి ఏడాదికి ఒకటో రెండో పడే మచ్చలవి. సంగీతం ఆగిపోయింది. నిశ్శబ్దం. పేర్లు పడ్డాయి.

చప్పట్లు ఎంతకీ ఆగలేదు. జనం లేచి నిలబడ్డారు. పిన్నికి గొంతు దాకా ఏదో పుల్లగా ఎగదన్నింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అది చూసి ముందు వరసలో ఒకావిడ కన్నీళ్ళు పెట్టుకుంది. బయటికి వస్తుంటే అదే ఆవిడ పిన్ని భుజం నిమిరి, "మీకిక భయం లేదమ్మా. మేమంతా ఉన్నాం" అని, బాబాయిని పైనుంచి కింది దాకా చూసింది. చెప్పుకి అంటుకున్నదాన్ని చూసినట్టు చూసింది. ఎన్నో ఏళ్ళుగా కొట్టుకి బట్టలు వేసే ముసలాయన కూడా వచ్చాడు. రోజూ బాబాయితో చెయ్యి కలిపే మనిషి, ఆ రోజు రెండు చేతులూ జేబుల్లోనే ఉంచుకున్నాడు.

ప్రొఫెసరు అమ్మడి భుజం తట్టి, ఈ సినిమాని పెద్ద ఉత్సవానికి పంపుతున్నామని అందరి ముందూ ప్రకటించాడు. అమ్మడు నవ్వింది. ఆ నవ్వు చూస్తే పిన్నికి ఒళ్ళంతా జెర్రి పాకినట్టయింది.

ఇంటికి చేరాక బాబాయి చెప్పులు ఒక మూలగా విడిచి, "కాసిని మంచినీళ్ళిస్తావా?" అన్నాడు. చాలా మెల్లగా. ఎవరింటికో వచ్చిన చుట్టంలా. ఇరవై ఏళ్ళలో ఆ గొంతు పిన్ని ఎప్పుడూ వినలేదు. గ్లాసు చేతికిచ్చి, నేరుగా చివరి గదిలోకి వెళ్ళింది.

"ఇలా చూడు" అంటూ మోచెయ్యి అమ్మడి మొహం ముందు పెట్టింది. "ఇవెలా పడ్డాయో నీకు తెలీదూ? పోయిన నెల మందు రాసింది నువ్వు కాదూ?"

"బాబాయి కాల్చాడని నేనెక్కడా చెప్పలేదు పిన్నీ. అందులో ఉన్నవన్నీ మీరన్న మాటలే. ఒక్కటి కూడా నేను కల్పించలేదు."

"అవునే తల్లీ! మాటలన్నీ మావే. అతుకులే నీవి. నా మొహం తీసుకెళ్ళి ఆయన కేక పక్కన కుట్టావు. ఎంత నేర్పుగా కుట్టావే! ఇందుకా సముద్రాలు దాటి వచ్చావు?"

అమ్మడు మంచం మీద కూలబడింది. "మొదట నిజంగానే తీశాను పిన్నీ. మీ నవ్వులూ, మీ కొట్లాటలూ అన్నీ పెట్టాను. క్లాసులో చూపిస్తే ఆవలించారు. 'బాగానే ఉంది గానీ ఇందులో బాధ ఏది? మీ దేశపు ఆడదాని గొంతు ఏది?' అన్నారు. ఇక్కడి పిల్లలు వాళ్ళ కుక్క మీద తీసినా చప్పట్లు కొడతారు. నాలాంటి వాళ్ళం మాత్రం ఏడిచి చూపించాలి. పరీక్ష తప్పితే వీసా పోతుంది. నేనేం చెయ్యను?"

"అందుకని మమ్మల్ని ఏడిపించావా? వాళ్ళకేం కావాలో అదే వండి పెట్టావా, మా ఒళ్ళు కోసి?"

"సినిమానే కదా పిన్నీ! రెండ్రోజుల్లో అందరూ మర్చిపోతారు."

"థూ!" అంది పిన్ని. నిజంగానే ఉమ్మి వచ్చినంత పనైంది. "ఊరందరి మురికీ పట్టుకున్న చేతులే ఇవి. వాంతి చేసుకున్న కోట్లు ఉతికాను, నెత్తుటి దుప్పట్లు ఉతికాను. దేన్ని ముట్టుకున్నా ఇంత రోత పుట్టలేదు. ఆయన సున్నం వేసిన గదిలో పడుకుని, ఆయన్నే రాక్షసుణ్ణి చేశావు. నీ కళ్ళలోకి చూడాలన్నా నాకు అసహ్యంగా ఉంది."

అమ్మడి మొహం పాలిపోయింది. గుమ్మంలో అలికిడైంది. గ్లాసు చేత్తో పట్టుకునే బాబాయి నిలబడి ఉన్నాడు.

"అది సరే గానీ" అన్నాడు, అదే మెల్లని గొంతుతో. "నేనలా ఉంటానా?"

"ఛ! మీరేమిటండీ..." అనబోయింది పిన్ని. మాట సగంలో ఆగిపోయింది. ఎందుకు ఆగిందో ఆవిడకి తెలుసు. హాల్లో కూర్చున్నప్పట్నుంచీ మనసుని తొలుస్తున్నది ఆ సినిమాలోని అబద్ధం ఒక్కటే కాదు. దాని అడుగున ఇంకోటి కదులుతోంది. అందుకు తన మీద తనకే వెగటు వేసింది.

"చెప్పవే. నన్ను చూసి చెప్పు."

పిన్ని తల వంచుకుంది. "అందులో చూపించినట్టు మీరెప్పుడూ లేరు. దేవుడి మీద ఒట్టు. నేను మీకు భయపడి బతకలేదు. కానీ ఒక్కసారి... పోనీలెండి. ఎప్పటి మాటో."

"పట్టు చొక్కా" అన్నాడు బాబాయి.

పిన్ని చివాల్న తలెత్తింది. ఆయనకది గుర్తుందని ఇన్నేళ్ళూ అనుకోలేదు.

"ఏ పట్టు చొక్కా?" అంది అమ్మడు మెల్లగా.

బాబాయి గోడకానుకుని కింద కూర్చున్నాడు. "కొట్టు పెట్టిన కొత్తలో. ఎవరిదో పెళ్ళికొడుకు చొక్కా. మీ పిన్ని ఇస్త్రీ చేస్తుంటే వీపు మీద మాడింది. వాడు కౌంటరు ముందే నిలబడి తిట్టాడు. వెనకాల అరడజను మంది. నేనా చొక్కా దీని మొహాన కొట్టాను. 'బుర్ర ఉందా లేదా?' అన్నాను. అంతమందిలో."

"నేనేమన్నా అన్నానా మిమ్మల్ని?" అంది పిన్ని. కళ్ళు నిండిపోయాయి. ఈసారి పక్కన ఉల్లిపాయలు లేవు.

"ఏమీ అనలేదు. లోపలికెళ్ళి వేలాడేసిన కోట్ల వెనకాల కూర్చున్నావు. నిన్ను వెతుక్కుంటూ వచ్చాను. కోట్ల అంచుల కింద నీ పాదాలు కనిపించాయి. చెప్పులు లేవు. ఒకదాని మీద ఒకటి ముడుచుకుని ఉన్నాయి. పిలుద్దామని నోరు తెరిచాను. సిగ్గేసింది. ఏమీ ఎరగనట్టు వెనక్కి వెళ్ళిపోయాను. ఇవాళ్టి దాకా ఎరగనట్టే ఉన్నాను." చేతిలోని గ్లాసు కింద పెట్టాడు. "కోట్లు వేలాడేసినప్పుడల్లా ముందు కిందకి చూస్తాను. ఇన్నేళ్ళూ నీకు చెప్పలేకపోయాను."

ఆ రోజు ఆ కోట్ల వెనక, మరకల మందు వాసనలో, పిన్ని ఎవరైనా వచ్చి పిలిస్తే బాగుండునని చాలాసేపు ఎదురుచూసింది. ఎవరూ రాలేదనే అనుకుంది ఇన్నాళ్ళూ.

"తప్పయిపోయిందే" అన్నాడాయన. "ఆ వేళే అనాల్సింది."

పిన్ని వెళ్ళి ఆయన పక్కనే నేల మీద కూర్చుంది. కొంగుతో ఆయన మొహం తుడిచి, అదే కొంగుతో తన మొహం తుడుచుకుంది.

అమ్మడు వెక్కి వెక్కి ఏడుస్తోంది. "నెలల తరబడి మీ ఇద్దరినీ చూశాను పిన్నీ. బాధ ఎక్కడ దొరుకుతుందా అని చూశాను. ఇది కనిపించనే లేదు నాకు." లేచి వచ్చి బాబాయి కాళ్ళ దగ్గర కూలబడింది. "ఆ సినిమా వెనక్కి తీసుకుంటాను బాబాయ్. ఉత్సవానికి పంపొద్దని చెప్పేస్తాను. మళ్ళీ తీస్తాను. ఇప్పుడు మీరు చెప్పింది..."

"వద్దు" అంది పిన్ని.

అమ్మడు ఆగిపోయింది.

"మళ్ళీ తీస్తే తియ్యి. మేం నవ్విన చోట నవ్వనియ్యి, అరిచిన చోట అరవనియ్యి. ఈ మాట మాత్రం వాళ్ళకి కాదు. మా ఇద్దరిదీ. నీ చెవిన పడింది, నీ దగ్గరే ఉంచుకో."

"ఉంచుకుంటాను పిన్నీ."

మర్నాడు అమ్మడు ప్రొఫెసరు గదికి ఒక్కతే వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఆయన చాలా నచ్చజెప్పాడట, తర్వాత కోప్పడ్డాడట. సినిమా వెనక్కి తీసుకుంటే ఈ విడత పరీక్ష పోయినట్టేనట. చదువు ఇంకో విడత సాగదీయాలి, వీసా పొడిగింపుకి పెట్టుకోవాలి, వస్తుందో రాదో తెలీదు. ఆ వార్త చెప్పి, "ఇవాళ్టి నుంచి కొట్టులో ఏ పనైనా చెప్పు పిన్నీ. కెమెరా మేడ మీదే పెట్టాను" అంది.

పిన్ని ఆ పిల్ల కళ్ళలోకి చూడడానికి ప్రయత్నించింది. కష్టంగానే ఉంది. ప్రొఫెసరు పక్కన నవ్విన ఆ నవ్వు ఇంకా గుర్తుంది. ఒక్క రాత్రిలో పోయే రోత కాదది, ఆవిడకి తెలుసు. కొన్ని మరకలకి నానబెట్టడం తప్ప వేరే మార్గం లేదు.

అప్పుడే తలుపు తోసుకుని, నిన్న జేబుల్లోంచి చేతులు తియ్యని ముసలాయన వచ్చాడు. బట్టల సంచి కౌంటరు మీద పెట్టి, లోపల పని చేసుకుంటున్న బాబాయికేసి చూడకుండా, పిన్నిని లోగొంతుతో అడిగాడు: "మీరు బాగానే ఉన్నారా అమ్మా?"

పిన్ని నోరు తెరిచేలోపే అమ్మడు ముందుకొచ్చింది.

"మా బాబాయి మంచివాడండీ" అంది ఆ దేశపు భాషలోనే, కొట్టంతా వినపడేలా. "నిన్న మీరు చూసిన సినిమాలో తప్పంతా నాది. కూర్చోండి, ఏది ఎలా అతికించానో చెప్తాను."

ముసలాయన తెల్లబోయి చూశాడు. అమ్మడు చెప్పడం మొదలుపెట్టింది. ఉల్లిపాయల సంగతి, కోటు సంగతి, మచ్చల సంగతి. ఒక్కటీ దాచలేదు. పట్టు చొక్కా ఊసు మాత్రం ఎత్తలేదు. చెబుతున్నంతసేపూ కన్నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

అంతా విని ముసలాయన కౌంటరు పక్కనుంచి లోపలికి వెళ్ళి, బాబాయి ముందు చెయ్యి చాచాడు.

పిన్ని కుర్చీ లాగి అమ్మడి వెనక పెట్టింది. "ఇక వచ్చేవాళ్ళకి కూర్చుని చెప్పవే" అంది, ఆ పిల్ల తల మీద చెయ్యి వేసి.