బొమ్మ కింది పేరు

పొయ్యి మీద చాయ్ పొంగి కిందికి కారుతున్నా అనసూయమ్మ దించలేదు. వెనకింట్లోంచి కూతురు అంత గట్టిగా అరవడం ఆమె ఎన్నడూ వినలేదు.

"అమ్మా, జెర ఇటు రా! నాయిన ఏం జేసిండో చూడు!"

కాంతమణికి పందొమ్మిదేళ్ళు. గోడకు ఆనించిన మూడు బొమ్మల ముందు నిలబడి ఉంది. ఏడాది పాటు మిగిలిన రంగులు కూడబెట్టుకుని, పాత చెక్కల మీద వేసుకున్న బొమ్మలవి. నిన్న పడుకునేటప్పటికి ఆమె రంగులు తప్ప వాటి మీద ఇంకేమీ లేదు. ఇప్పుడు మూడింటికీ కుడి మూలన పసుపు రంగుతో, ఎర్ర నీడ పెట్టి, ముత్యాల్లాంటి అక్షరాలు: 'పర్వతాలు, పెయింటర్, రాంగోపాల్‌పేట్'.

తండ్రి పర్వతాలు దుకాణాల బోర్డులు రాస్తాడు. ఉర్దూ, ఇంగ్లీషు, తెలుగు ఏదైనా సరే, అతని అక్షరానికి సికింద్రాబాదులో మంచి పేరుంది. పోలీస్ యాక్షన్ జరిగి, నిజాం పాలన పోయి ఏడాది దాటింది. అందరికీ ఇప్పుడు తెలుగు బోర్డులు కావాలి, ఊపిరాడనంత పని. అయితే ఆ బోర్డుల మీద దర్జీ కోటు, డాక్టరుగారి పళ్ళవరస, పాల దుకాణం బర్రె, ఇవన్నీ ఐదేళ్ళుగా వేస్తున్నది కాంతమణి. తండ్రి అక్షరాలు రాసి, బొమ్మకు చోటు వదిలి బయటికి పోతాడు. సాయంత్రం వచ్చేసరికి బొమ్మ ఉంటుంది. బజారంతా పర్వతాలు చెయ్యి బాగుందనుకుంటుంది, అతనూ కాదనడు.

పదిహేను రోజుల కిందట కాంతమణికి మిషన్ బడిలో డ్రాయింగ్ చెప్పిన దేవానందం సారు ఒక కాగితం తెచ్చాడు. ఆదివారం సాయంత్రం బేగంపేటలో ఒక బంగళాలో కొత్త చిత్రకారుల పరిచయ సభ. ఒక్కొక్కరూ మూడు బొమ్మలు తెచ్చుకోవాలి. ప్రెస్సుల వాళ్ళు, బడుల పెద్దలు, సినిమాహాళ్ళ మేనేజర్లు వచ్చి చూస్తారు, మాట్లాడతారు, పని ఇస్తారు. ఆ రోజు పట్టికలోకి ఎక్కిన పేర్లను ఏడాదంతా నగరంలో అందరికీ పంపుతారు.

"చెయ్యి మంచిదైతే సరిపోదు బిడ్డా, ఆ చెయ్యి ఎవరిదో నలుగురికి తెల్వాలె. వెనకింట్ల కూసుంటే ఎవరికి ఎర్క అయితది?" అన్నాడాయన.

ఆ ఆదివారం ఇవాళే.

వేపపుల్ల నోట్లో పెట్టుకుని పర్వతాలు లోపలికొచ్చాడు. "ఏంది పొద్దుగాల్నే లొల్లి?"

"నా బొమ్మల మీద నీ పేరెందుకు రాసినవ్ నాయినా?"

అతనికి ప్రశ్నే అర్థం కాలేదు. నటన కాదు, నిజంగానే అర్థం కాలేదు. "మన దుకాణంలకెళ్ళి పోయే సామాను మీద దుకాణం పేరుండదా? తెల్లారంగనే లేసి, మంచిగ ఎండే రంగు కలిపి రాసిన. పరేషాన్ ఎందుకైతున్నవ్?"

"సామానా? ఇవి సామానా?" కాంతమణి బొమ్మలకు అడ్డంగా నిలబడింది. "పళ్ళవరస మీద రాసుకున్నవ్, బర్రె మీద రాసుకున్నవ్, ఎన్నడన్న అడిగిన్నా? ఇవి ఎవరో చెప్తే వేసినవి కావు. నావి!"

"నావి, నీవి అని రివాజు లేదు మన పనిల. అల్లాఉద్దీన్ ఉస్తాద్ దగ్గర పదకొండేండ్లు చేసిన. ఒక్క బోర్డు మీదనన్న నా పేరుండెనా? నా చేతులతోనే కింద ఉస్తాద్ పేరు రాసేటోణ్ణి. పని నేర్పినోని పేరే ఉంటది. నాకేం తక్లీఫ్ కాలే."

"కాలేదా?" అనసూయమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ ముందుకొచ్చింది. "పోయిన నెల మార్కెట్ల ఓ ఉర్దూ బోర్డు మీద తెల్లరంగు కొట్టి తెలుగుల రాయమన్నరు. అది నీకు ఇరవై ఏండ్లున్నప్పుడు నువ్వు రాసిందే. ఇది నా చెయ్యే సేటూ అని నువ్వంటే, కింద ఉస్తాద్ పేరుంది గదా అని నవ్విండంట. ఆ దినం ఇంటికొచ్చి అన్నం ముట్టకుంట ఏడ్సింది ఎవరు?"

పర్వతాలు ముఖం ఎర్రబడింది. గొంతు పెంచాడు. "ఆడిపిల్ల పేరు బంగ్లాల గోడకు తగిలిస్తవా? మొగోళ్ళంత కూడి సదువుతరు! నా పేరుంటే ఎవ్వడు నోరెత్తడు. నేనే తీస్కపోత."

కాంతమణి గుడ్డకు టర్పెంటైన్ అద్ది ఒక మూల రుద్దింది. పసుపు అక్షరంతో పాటు కింద ఆమె వేసిన నీలం కూడా లేచి వచ్చింది. పేరు చెరిపితే బొమ్మ పోతుంది. ఆమె గుడ్డ నేలకు కొట్టి కూలబడింది.

"లే," అంది అనసూయమ్మ. "ముగ్గురం పోదాం. ఆయన పేరు మీద నీ బొమ్మలు ఎవరు మెచ్చుకుంటరో, కండ్లార చూద్దాం."

సాయంత్రం బంగళా వరండా నిండా కుర్చీలు, చాయ్, బిస్కట్లు. కొత్త చిత్రకారులు ఇరవై మంది దాకా ఉన్నారు. షేర్వానీలు, ధోవతులు, పంట్లాములు. ఆడవాళ్ళంటే వీళ్ళిద్దరే. గోడకు తగిలించిన బొమ్మల కింద పేరు చూసి దేవానందం సారు నిర్ఘాంతపోయాడు. "ఇదేంది పర్వతాలూ?" అన్నాడు. "దుకాణం రివాజు సారూ," అన్నాడు పర్వతాలు. ఇంకేదో అనబోయి, ఎవరో పెద్దమనిషి దగ్గరికి రావడంతో సారు నోరు మూసుకున్నాడు. మంచివాడే. పెద్దల ముందు మంచివాళ్ళ నోళ్ళు ఇట్లాగే మూతబడతాయి.

ఆ పెద్దమనుషులు పర్వతాలు భుజం తట్టారు. ఎక్కడ నేర్చుకున్నారని అడిగారు. ఒక హెడ్మాస్టరు తమ బడి గోడలకు బొమ్మలు వేస్తారా అన్నాడు. చివరి బెంచీ మీంచి లేచి, తన బొమ్మల గురించి ఏమంటున్నారో వినాలని కాంతమణి నాలుగడుగులు దగ్గరికి వచ్చింది. ఒకాయన ఆమె వైపు చూడకుండానే ఖాళీ కప్పు ఆమె చేతిలో పెట్టి, "ఇంకో రెండు చాయ్ పంపించమ్మా," అని తిరిగిపోయాడు. ఆమె ఆ కప్పు పట్టుకుని అట్లాగే నిలబడింది.

ఇంతలో ప్రెస్సు నడిపే ఒక ముసలాయన మూడో బొమ్మ ముందు ఆగాడు. నిచ్చెన మీద నిలబడి బోర్డు రాస్తున్న మనిషి బొమ్మ అది, నేల మీంచి తలెత్తి చూస్తే కనబడేటట్టు వేసింది. ముందు పెద్దగా రెండు అరికాళ్ళు, పగుళ్ళలో ఇంకిపోయిన రంగు. పైన ఎక్కడో చిన్నగా, అలిసిపోయిన మెడ.

"ఈ బొమ్మలో ఉన్నది మీరేనా?"

"నేనే సాబ్."

"మరి నిచ్చెన మీద ఉన్న మీకు మీ అరికాళ్ళు ఎట్లా కనబడ్డాయండీ?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నవ్వి, జవాబు కోసం ఆగారు. పర్వతాలు అప్పుడే ఆ బొమ్మను సరిగ్గా చూశాడు. పొద్దున మసక వెలుతురులో మూల తప్ప ఇంకేదీ చూడలేదతను. ఎడమ మడమ మీద ఆ పెద్ద పగులు తనదే. అది అంత దగ్గరగా కనిపించేది కింద నిచ్చెన పట్టుకున్న మనిషికే. పెద్ద బోర్డులు రాసేటప్పుడు నిచ్చెన పట్టుకునేది కూతురే.

అద్దంలో చూసుకున్నానని చెప్పవచ్చు. ఆ మాట నాలుక దాకా వచ్చింది కూడా. కానీ తలెత్తేసరికి ఎదురుగా కాంతమణి, చేతిలో ఎవరిదో ఎంగిలి కప్పు.

"నాకు బొమ్మ రాదు సాబ్," అన్నాడు. "అక్షరాలే వస్తయి. ఇవన్ని మా బిడ్డ వేసింది. నా పేరు నేనే రాసుకున్న. తప్పు నాదే."

సభ కార్యదర్శి కళ్ళజోడు సర్దుకున్నాడు. "పేరొకరిది, పని ఒకరిది అంటే పట్టికలో ఎలా చేర్చుకుంటామండీ? అసలు అమ్మాయే వేసిందని రుజువేమిటి?"

పొద్దుటినుంచీ మింగుతున్న కోపమంతా కాంతమణికి ఒక్కసారిగా పైకొచ్చింది. కప్పును ఆయన కాగితాల మీదే ఠక్కున పెట్టింది. "మా నాయిన పేరున్నప్పుడు రుజువు ఎవ్వరడగలేదు. నాదనంగనే కావాల్నా? బొగ్గుముక్క ఇయ్యుండ్రి. ఎవరు కూసుంటరో కూసోండ్రి."

ప్రెస్సు ముసలాయనే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆమె గీయడం మొదలుపెట్టింది. చెయ్యి ఒక్కసారి కూడా తడబడలేదు. ముందు కనుబొమలు, తర్వాత ముక్కు, ఆ ముక్కు పక్కన నవ్వును ఆపుకుంటున్న ముడత. పర్వతాలు గుడ్లప్పగించి చూస్తున్నాడు. ఐదేళ్ళుగా తన ఇంట్లో జరుగుతున్న పనిని అతను మొట్టమొదటిసారి చూస్తున్నాడు. ఇన్నాళ్ళూ అయిపోయిన బొమ్మనే చూశాడు, అది వేసే చేతిని చూడలేదు.

కాగితం తిప్పి చూపించగానే ముసలాయన ఫక్కున నవ్వాడు. "మా ఇంట్లో వాళ్ళు చూస్తే నాకన్నా ముందు దీన్నే భోజనానికి పిలుస్తారు. అమ్మాయీ, మేం అచ్చువేసే పిల్లల పుస్తకానికి బొమ్మలు నువ్వే వెయ్యాలి. రాసుకోవయ్యా పేరు!"

కార్యదర్శి కలం తీశాడు. "పేరు?"

పర్వతాలు నోరు తెరిచాడు. అనసూయమ్మ అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. "దాన్ని చెప్పనియ్యి."

"కాంతమణి. బొమ్మలు వేస్త."

కార్యదర్శి రాసుకున్నాడు. ఆమె అక్కడినుంచి కదలలేదు. తండ్రి మీద కోపం ఇంకా ముఖంలోనే ఉంది. అతని వైపు చూడలేదు కూడా.

"ఇంకో పేరు రాయుండ్రి," అంది.

"ఇంకెవరమ్మా?"

"పర్వతాలు. బోర్డుల మీద అక్షరాలు రాస్తడు. ముప్పై ఏండ్లు అయితుంది రాయవట్టి. మార్కెట్ల సగం ఉర్దూ బోర్డులు ఆయన చెయ్యే, కింద ఎవరి పేరున్నా సరే. గంత మంచి అక్షరం ఈ శహర్ల ఇంకెవ్వరు రాయరు. అది సుత రాసుకోండ్రి."

కలం కాగితం మీద కదిలింది. అంతమంది పెద్దమనుషుల మధ్య, రంగు మరకలు పోని చేతులతో ముఖం కప్పుకుని, పర్వతాలు వెక్కి వెక్కి ఏడ్చాడు.