నీలం రంగు ఆకు

వరద నీళ్లు గడప దాటి మంచం పట్టెల దాకా వచ్చిన ఏడాది అది. ఇల్లు ఆరీ ఆరకముందే కోడలు పసిపిల్లల బడిలో పనికి కుదిరింది. కుదిరిందే గాని ఖాయం కాలేదు. సొంతంగా ఒక ఆట చేసి తెమ్మంది పెద్ద టీచరు. నచ్చితే ఉద్యోగం, లేకపోతే ఇంటికి.

పొద్దున్నే కోడలు అట్టపెట్టె కోసి గుండ్రటి చక్రం చేసింది. అందులో నాలుగు గడులు, గడికో రంగు కాగితం. బట్టల క్లిప్పులకు అట్టతో కోసిన టమాటాలు, నిమ్మకాయలు, ఆకులు, నీటి చుక్కలు అతికించింది. వాటికి రంగులు వేస్తే, ఏ రంగు క్లిప్పును ఆ రంగు గడికి పెట్టడమే ఆట.

మామగారు టీ గ్లాసుతో వచ్చి చూశాడు. జన్మంతా తలుపులకూ కిటికీలకూ రంగులు వేసిన మనిషి.

"ఇదా చదువు? బట్టలు ఆరేసుకునే క్లిప్పులతోనా?"

"మూడేళ్ల పిల్లలు మావయ్యా. వేళ్లకి బలం వస్తుంది, రంగులూ తెలుస్తాయి."

"దీనికి జీతం కూడానా! ఇచ్చేవాళ్లకి బుద్ధి లేదు, పుచ్చుకునేవాళ్లకి సిగ్గు లేదు."

కొడుకు చొక్కా గుండీలు పెట్టుకుంటూ, "ఆ రంగులేవో నువ్వే వేసి పెట్టు నాన్నా. నీ అంత నున్నగా ఎవరేస్తారు?" అన్నాడు.

పెద్దాయన మూతి తిప్పుకున్నాడు. కాని అందరూ వెళ్లగానే కుంచె తీశాడు. రంగు డబ్బాల మీది పేర్ల కాగితాలు వరదకే ఊడిపోయాయి. ఆయనకు కాగితాలతో పనేముంది? అరలో ఎడమ నుంచి మూడోది ఆకుపచ్చ, నాలుగోది నీలం. ఏళ్ల తరబడి అంతే.

సాయంత్రం కోడలు క్లిప్పులు చూసి కొయ్యబారిపోయింది.

"పొద్దున వెక్కిరించింది చాల్లేదా మావయ్యా? రేపే చూపించాలి. నా పని పోవాలనేగా ఇలా చేశారు?"

"నోరు అదుపులో పెట్టుకో. నా చేతి రంగుకి వంక పెట్టినవాడు లేడు."

"మరి ఆకులు నీలంగా ఎందుకున్నాయి?"

"నీలమా? కళ్లు తెరిచి చూడు. పచ్చగా నిగనిగలాడుతుంటే!"

ఈ రభసేమీ పట్టని నాలుగేళ్ల మనవరాలు పిచిక ఆయన ఒళ్లోకెక్కింది. "ఆడదాం తాతా." ఒక టమాటాను తనే ఎర్ర గడికి పెట్టి, ఒక ఆకును ఆయన చేతికిచ్చింది.

ఆయన దాన్ని ఒక గడికి పెట్టాడు.

"అది పచ్చ గడి తాతా! ఈ ఆకు నీలం. నీకేమీ రాదు!"

క్లిప్పు మళ్లీ తీశాడు. చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆ రెండు గడులూ ఆయనకు ఒకే వరద నీళ్లలా మసగ్గా కనిపిస్తున్నాయి.

కోడలి గొంతు తగ్గింది. "ఎప్పట్నుంచి మావయ్యా?"

"చాన్నాళ్లయింది. డబ్బాలున్న చోటు గుర్తుపెట్టుకుని లాక్కొస్తున్నా. బురద కడిగి సర్దింది నువ్వేగా. మార్చేశావు."

"నన్నడిగితే ఏం పోయింది?"

"పసిపిల్లలకొచ్చింది నాకు రాదని చెప్పుకోమంటావా?"

కోడలికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పక్కన కూర్చుని డబ్బా మూత తీసింది. "ఇది పచ్చ. నేను అందిస్తా, మీరు వేయండి." ఆయన కుంచె పట్టాడు. ఒక్క ఆకును మాత్రం అలాగే ఉంచమన్నాడు.

మర్నాడు పొద్దున కోడలు చక్రాన్ని సంచిలో పెట్టుకునేసరికి, ఆయన ఉతికిన చొక్కా తొడుక్కుని గుమ్మంలో నిలబడ్డాడు. జేబుకు నీలం ఆకు క్లిప్పు.

"మీ బడి దారిలోనేగా కంటి ఆసుపత్రి. పద. ఇది నీలమేనని డాక్టరు చెప్పనీ, అప్పుడు ఒప్పుకుంటా."