కదలొద్దన్నా కదిలిన చేయి

ఆదివారం పొద్దున్నే కోడలు బాత్రూం తలుపు దబదబా బాదింది.

"ఏమండీ, నన్ను స్నానం చేసి డ్యూటీకి పోనిస్తారా, లేదా?"

"తలుపు తియ్యకే తల్లీ! ఫిల్ము పాడైపోతుంది!" అన్నాడు మొగుడు లోపల్నుంచి.

బోర్డులు రాసే దుకాణంలో పనిచేసే ఆ మహానుభావుడికి పాత సామాన్లలో బియ్యం డబ్బా అంత చెక్క కెమెరా ఒకటి దొరికింది. దానికి అసలు ఫిల్ము కొనాలంటే ఇల్లు గుల్లే. అందుకని ఆసుపత్రులకు అమ్మే ఎక్స్‌రే ఫిల్ము చవగ్గా తెచ్చి, బాత్రూంలో ఎర్రబల్బు పెట్టుకుని కత్తెరతో కోసి వాడుకుంటాడు. గదిలో తీస్తే ఆ ఫిల్ముకు వెలుతురు చాలదు. మనిషి కొన్ని సెకన్లపాటు బొమ్మలా బిగుసుకుపోవాలి. నిన్న వాళ్ళమ్మను కుట్టుమిషన్ ముందు అలాగే కూర్చోబెట్టాడు.

ఇప్పుడూ ఆవిడ మిషన్ దగ్గరే ఉంది, ఊరికే. కుట్టుపని మానేసి చాలా రోజులైంది. అడిగితే కళ్ళు మంటలంటుంది. బాత్రూం మీది కోపమంతా కోడలు అటు తిప్పింది.

"కొడుక్కి ఫొటోలు, తల్లికి విశ్రాంతి! బేకరీలో నిలబడి నిలబడి నా కాళ్ళు పడిపోతున్నాయి. పక్కింటావిడ చొక్కా ఇస్తే తిప్పి పంపేశారట. ఒళ్ళు వంగకపోతే ఎలా అత్తయ్యా?"

అత్తగారు చేతులు శాలువాలోకి లాక్కుంది.

ఇంతలో కొడుకు తడి ప్రింటు పట్టుకుని, మొహం వేలాడేసుకుని బయటికొచ్చాడు.

"అమ్మా, కదలొద్దన్నానా లేదా? మిషన్ మీది దారప్పోగు కూడా కనిపిస్తోంది. కుడిచెయ్యి మాత్రం పొగలా అలుక్కుపోయింది."

"నేను కదల్లేదురా. అదే కదిలింది," అంది తల్లి. నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. "ఎక్స్‌రే ఫిల్ము కదా, లోపలి రోగం బయటపెట్టకుండా ఊరుకుంటుందా?"

కోడలు ప్రింటు లాక్కుని చూసింది. తర్వాత అత్తగారి శాలువా తొలగించింది. ముడతలుపడ్డ ఆ వేళ్ళు ఒళ్ళో వణుకుతున్నాయి. మొన్న అత్తగారి చేతిలోంచి కప్పు జారి పగిలినప్పుడు తను అన్న మాటలు కోడలికి గుర్తొచ్చాయి.

"ఎందుకు చెప్పలేదు అత్తయ్యా?"

"ఈ చేతులతోనే కదమ్మా వీణ్ణి పెంచింది. ఇవి పనికిరావని తెలిస్తే, ఇక నేనెందుకని అనుకుంటారేమోనని..."

"అందుకని బద్ధకస్తురాలని మాటలు పడ్డారా? నా నోరు పడిపోను!" కోడలు భోరుమని ఏడ్చేసింది. "రేపు సెలవు పెడతాను. డాక్టరు దగ్గరికి పోదాం. ఇంకేం మాట్లాడొద్దు మీరు."

అత్తగారు ఎడమచేత్తో కోడలి కళ్ళు తుడిచింది.

కొడుకు కెమెరా దగ్గరికి నడిచాడు. "ఇంకొక్క ఫిల్ము ముక్క మిగిలింది," అన్నాడు. "అమ్మా, ఈసారి ఆ చెయ్యి శాలువాలో పెట్టుకో."

"ఎందుకండీ దాచడం?" కోడలు పక్కన కూర్చుని ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. "కానివ్వండి."

ఆ రోజు బేకరీకి ఆలస్యంగా వెళ్ళి యజమాని చేత చీవాట్లు తింది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ప్రింటు ఆరింది. రెండు మొహాలూ చక్కగా వచ్చాయి. మధ్యలో చేతులు మాత్రం ఏది ఎవరిదో తెలియకుండా కలిసి అలుక్కుపోయాయి.

"ఇదీ చెడింది," అని నసిగాడు మొగుడు. "నీ చెయ్యయినా కదలకుండా ఉండాల్సింది."

"ఆవిడ చెయ్యి వణుకుతుంటే నాది ఎలా ఊరుకుంటుందండీ?" అంది కోడలు, మేకు కోసం గోడ తడుముతూ.