నాలుగింటి చలి

మందుల గోదాములో కోల్డ్ రూమ్ డ్యూటీ నాది. రెండు గంటలకోసారి థర్మామీటరు చూసి రిజిస్టరులో అంకె వేయాలి. నేను అందరిలాగే పొద్దున్నే రోజంతటికీ నింపేసి హాయిగా కూర్చునేవాణ్ని.

కొత్తగా వచ్చిన క్వాలిటీ మేడమ్ మొదటిరోజే పట్టుకుంది.

"సాయంత్రం నాలుగింటి చలి మీకు పదింటికే ఎలా తెలిసింది?"

"జ్యోతిషం నేర్చుకున్నానండి."

"అయితే రేపు మెమో వస్తుందో రాదో చూసి చెప్పండి."

మెమో రాలేదు. నాలుగింటికి తనే వచ్చింది, తనిఖీకి. ఇక రోజూ అదే వేళకు. ఆ రోజు నుంచి ఏ గంట అంకె ఆ గంటకే వేశాను. నిజాయితీ పుట్టుకొచ్చి కాదు, నాలుగింటి కోసం. మూడు నెలల్లో 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది. వాళ్లమ్మ చూస్తానందట, ఆదివారం ఇంటికి రమ్మంది.

ఆ వారమే కోల్డ్ రూమ్ రెండు రోజులు చెడిపోయింది. మేనేజరు రిజిస్టరు తన గదికి తెప్పించుకుని మంచి అంకెలు వేయించి, పాడైన టీకాలను ఆస్పత్రులకు పంపించేశాడు. మేడమ్ ప్రభుత్వ మందుల తనిఖీ ఆఫీసుకు ఫిర్యాదు రాసింది.

"భయం లేదా నీకు?" అన్నాను.

"చట్టం ఉందిగా. నా పేరు బయటపెట్టకూడదు, ఉద్యోగం జోలికి రాకూడదు. నీకొక్కడికే చెప్పాను, కడుపులో దాచుకో."

టీకాలు ఎవరికీ వేయకముందే వెనక్కి వచ్చాయి. క్యాంటీన్‌లో సూపర్‌వైజర్ నవ్వాడు. "పేరు దాచుకుని రాసిన పిరికిపంద ఎవడో."

నాకు ఒళ్లు మండింది. "మా క్వాలిటీ మేడమ్‌కున్న ధైర్యంలో సగం ఉందా మీకు?" అనేశాను. అందరూ తినడం ఆపి నావైపు చూశారు. అప్పటికి గాని నేనేం చేశానో నాకు తెలియలేదు.

మర్నాడే తనని ఖాళీ అట్టపెట్టెల గదిలో కూర్చోబెట్టారు. పని లేదు, పలకరించే మనిషి లేడు. ఆదివారం మాట తను మళ్లీ ఎత్తలేదు.

తనిఖీ ఆఫీసువాళ్లు విచారణకు వచ్చినప్పుడు లేచి అంతా చెప్పాను. పేరు నా నోటి నుంచే బయటపడిందని, మర్నాడే కక్ష తీర్చుకున్నారని. సాక్షికీ అదే చట్టం కాపలా అన్నారు. మేనేజరును తీసేశారు, తన సీటు తనకిచ్చారు. తను మాత్రం వేరే బ్రాంచి అడిగి తీసుకుంది.

వెళ్లేరోజు వాన. గేటు దగ్గర గొడుగు పట్టాను.

"నన్ను క్షమించవా?"

"ఎప్పుడో క్షమించాను. గొప్పగా చెప్పాలనే అన్నావు, తెలుసు."

"మరి ఆదివారం?"

గొడుగు కింద నుంచి ఒక అడుగు బయటికి వేసింది.

"నా పేరు దాచమని ఆఫీసర్లకు చట్టం చెప్పింది. నీకు నేను చెప్పాను."

గొడుగు నా చేతిలోనే ఉంది. తను తడుస్తూ వెళ్లిపోయింది.

ఇప్పటికీ ఏ గంట అంకె ఆ గంటకే వేస్తాను. నాలుగింటిది మాత్రం కాస్త ఆలస్యమవుతుంది. ముందు ఒకసారి తలుపు వైపు చూస్తాను.